డబ్బా రాజం ఇంట్లో నాలుగు డబ్బాలు

వరంగల్ కాశిబుగ్గలో వెంకట్రాజం ఇల్లు ఎక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. డబ్బా రాజం ఇల్లు ఎక్కడ అని అడిగితే చాయ్ తాగుతున్నవాడు గ్లాసు కింద పెట్టి మరీ తీసుకెళ్లి చూపిస్తాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ గల్లీల్లో టీవీ తీగలు లాగిన మనిషి ఆయన. ఎవరింట్లో బొమ్మ మసకబారినా, తెర మీద చీమలు పారినట్టు చుక్కలు వచ్చినా, ఆయన చేసే వైద్యం ఒక్కటే. స్తంభం ఎక్కి, తీగను మధ్యలో కోసి, అక్కడొక చిన్న డబ్బా బిగించేవాడు. దూరం వచ్చి నీరసపడ్డ సిగ్నల్‌కు ఆ డబ్బా బలం పోసేది. బొమ్మ తేటగా వచ్చేది. అందుకే ఆ పేరు. ఆ పేరంటే ఆయనకు కొంచెం గర్వం కూడా ఉంది, పైకి మాత్రం కసురుకుంటాడు.

సొంతూరు రఘునాథపల్లి. ఇరవై మూడేళ్ల వయసులో వరంగల్ వచ్చి, ఓంప్రకాశ్ అనే సేటు పెట్టిన కేబుల్ ఆఫీసులో చేరాడు. అప్పటినుంచి ఎండ, వాన, కోతులు, కరెంటు తీగలు అన్నింటితోనూ కాపురం చేశాడు. ఒకసారి స్తంభం మీదినుంచి జారి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. దవాఖానలో పడుకుని కూడా, ములుగు రోడ్డు లైన్‌లో బొమ్మ వస్తోందా లేదా అని వచ్చినవాళ్లందరినీ అడిగాడట. ఆ సంగతి ఆయన భార్య వరలక్ష్మి ఇప్పటికీ చుట్టాల ముందు చెప్పి పరువు తీస్తుంటుంది.

ఆయన దగ్గర కొలిచే మిషన్లు ఏవీ ఉండేవి కావు. ఆయన మిషన్ ఒక కేక. పైకెక్కి తీగ కదిలించి "వచ్చిందా?" అని అరిచేవాడు. లోపలినుంచి "వచ్చింది" అంటే బిగించి దిగేవాడు, "పోయింది" అంటే ఇంకోవైపు తిప్పేవాడు. ఆ కేక వినని ఇల్లు కాశిబుగ్గలో లేదు.

తర్వాత కాలం మారింది. ఓంప్రకాశ్ సేటు కేబుల్‌తో పాటు నెట్ కూడా ఇవ్వడం మొదలుపెట్టాడు. నల్లతీగ పోయి, వెంట్రుకలాంటి ఫైబర్ గాజుపోగు వచ్చింది. నలభై ఎనిమిదేళ్ల వయసులో వెంకట్రాజం కళ్లద్దాలు పెట్టుకుని ఆ పోగులు అతకడం నేర్చుకున్నాడు. తీగలో కరెంటు పోతుందంటే ఆయనకు అర్థమైంది. గాజులో వెలుతురు పోతుందంటే అర్థమైనట్టు తలూపాడు. ఇంట్లో మోడెం పెడితే అక్కడినుంచి నెట్ గాలిలో పోతుందన్నప్పుడు తలూపడం కూడా మానేశాడు. చెప్పినట్టు పెట్టి వచ్చేవాడు. ఫోన్ మీద సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తే పని అయినట్టు. గీతలు తక్కువైతే మధ్యలో ఒక డబ్బా పెట్టేవాడు, దాన్ని రిపీటర్ అంటారు. పేరు ఏదైతేనేం, డబ్బా డబ్బాయే కదా అనుకున్నాడు. మన కథకు మూలం ఆ అనుకోవడమే.

ఆయన కూతురు యమునకు ఇరవై ఏళ్లు. డిగ్రీ ఆఖరు సంవత్సరం. ఫోన్‌లో తుపాకుల ఆట ఆడుతుంది. ఆటంటే కాలక్షేపం కాదు. నలుగురు ఆడపిల్లల జట్టు వాళ్లది. ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మాట్లాడుకుంటూ ఒక జట్టుగా ఆడతారు. కెప్టెన్ పేరు దీప, కరీంనగర్ పిల్ల. ఈ జట్టులో చోటు కోసం యమున రెండేళ్లు కష్టపడింది. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి రాష్ట్రస్థాయి ఆడపిల్లల పోటీ ఉంది. అందులో కూడా వెనకపడితే యమునను తీసేసి ఇంకో అమ్మాయిని పెట్టుకుంటామని దీప మొహమాటం లేకుండా చెప్పేసింది. ఎందుకంటే నెల రోజులుగా యమున ఆడే ప్రతి ఆటలోనూ అదే తంతు. అందరూ పరుగెత్తాక రెండు క్షణాలకు ఆమె కదులుతుంది. ఆమె తుపాకీ పేల్చేసరికి శత్రువు అక్కడ ఉండడు.

"బాపు, నెట్ అటకాయిస్తాంది" అని ఆమె మొదటిసారి చెప్పినప్పుడు వెంకట్రాజం ఆ మాట చెవిన పెట్టలేదు. రెండోసారి చెప్పినప్పుడు కోపం వచ్చింది. వడ్ల వ్యాపారి ఇంట్లో బియ్యం లేవన్నట్టుంది ఆ మాట. తన ఫోన్ తీసి సినిమా పెట్టి చూపించాడు. ఎక్కడా ఆగకుండా ఆడింది. అప్పుడే వరలక్ష్మితో కుట్టుపని గురించి మాట్లాడటానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు గడపలో నిలబడి ఉన్నారు. వాళ్లు వింటుండగానే ఆయన నోరు జారాడు.

"ఆడరానమ్మ మద్దెల ఓడన్నదట. గట్లనే ఉన్నది నీ ముచ్చట."

యమున లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. ఆ రోజు అన్నం కూడా గదిలోనే తింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని వెంకట్రాజానికి ఆ క్షణమే తెలుసు. కానీ తండ్రన్నవాడు అన్నమాట వెనక్కి తీసుకునే అలవాటు ఆయన ఎక్కడా నేర్చుకోలేదు. దానికి బదులు ఏం చేయగలడో అది చేశాడు. డబ్బాలు తెచ్చాడు.

ఆ ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. వీధిగదిలో మోడెం, తర్వాత నడిమిగది, వంటగది, ఆ వెనక చిన్న వాకిలి, వాకిలి అవతల యమున గది. గోడలు పాతకాలపువి, మూరెడు మందం. యమున గదిలో ఫోన్ మీద ఒకే గీత ఉండేది. నడిమిగదిలో ఒక డబ్బా పెట్టాడు. వంటగదిలో పచ్చడి జాడీ పక్కన ఇంకోటి పెట్టాడు. వాకిలి దాటించడానికి మిద్దె మీద కొమ్ముల్లాంటి యాంటెన్నాలున్న పెద్దది ఒకటి పెట్టి, వాన పడకుండా దానిమీద ప్లాస్టిక్ బకెట్ బోర్లించాడు. నాలుగోది యమున గదిలోనే, ఆమె మంచం తలాపున. మోడెం నుంచి ఒకటికి, ఒకటినుంచి ఇంకోదానికి, అలా గాలిలోనే గొలుసు కట్టాడు. తీగ వేద్దామా అన్న ఆలోచనే రాలేదు. వచ్చినా లాభం లేదు. మొన్న దసరాకు ఇంటికి లేత ఆకుపచ్చ రంగు వేయించినప్పుడు వరలక్ష్మి ఆయనతో ఒట్టు వేయించుకుంది. ఊరంతా తీగలు లాగే మనిషి ఇంట్లో గోడకు ఒక్క మేకు కూడా కొట్టకూడదు.

నాలుగో డబ్బా పెట్టాక యమున ఫోన్ మీద గీతలు నిండిపోయాయి. వెంకట్రాజం మీసం దువ్వుకున్నాడు. యమున ఆట తెరిచింది. తెర మూలన ఒక చిన్న అంకె కనిపిస్తుంది, దాన్ని పింగ్ అంటారని అంతకుముందు ఒకసారి చెప్పింది. డబ్బాలు పెట్టకముందు అది తొంభై చూపించేది. ఇప్పుడు రెండొందల నలభై చూపిస్తోంది.

తొంభై ఎక్కడ, రెండొందల నలభై ఎక్కడ అని ఆయన సంబరపడిపోయాడు. వరలక్ష్మిని పిలిచి చూపించాడు. పరీక్షలో మార్కులైనా, కుండలో నీళ్లైనా, ఆయనకు తెలిసిన లోకంలో ఎక్కువంటే మంచిదే.

యమున తండ్రి మొహంలోకి చూసింది. తిడదామనుకుంది కాబోలు, జాలేసింది. నెమ్మదిగా చెప్పింది. ఆ అంకె వేగం కాదట, ఆలస్యమట. తను వేలితో నొక్కిన సంగతి ఆట నడిపించే చోటికి పోయి, జవాబు తిరిగి వచ్చేదాకా పట్టే సమయమట. అది ఎంత తక్కువుంటే అంత మంచిదట. మరి సినిమా ఆగకుండా ఎట్లా ఆడుతోందని ఆయన అడిగాడు.

"సినిమా అంటే నల్లా నీళ్లు బిందెల పట్టి పెట్టుకున్నట్టు బాపు. నడుమ నల్లా ఆగినా మనకు ఎరుక కాదు. ఆటంటే దోసిట్ల పట్టుకొని తాగినట్టు. ఆగితే గొంతు ఎండుడే."

మాట అర్థమైంది. సంగతి అర్థం కాలేదు. గీతలు నిండుగా ఉన్నాయి. స్పీడు చూపించే లెక్కలోనూ తప్పులేదు. నాలుగు డబ్బాల మీద నాలుగు పచ్చలైట్లు వెలుగుతున్నాయి. బలం ఇంత ఉన్నప్పుడు ఆలస్యం ఎందుకు పెరుగుతుంది? బలంగా తోస్తే బండి తొందరగా పోవాలి కదా? ఆయన రాత్రి సరిగా పడుకోలేదు, పగలు సరిగా పని చేయలేదు. శుక్రవారం నాడు ఒకరింటి తీగ ఇంకొకరింటికి అతికి వచ్చాడు. ముప్ఫై ఏళ్లలో అటువంటిది ఎన్నడూ జరగలేదు.

అదే రోజు సాయంత్రం వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే యమున గదిలోనుంచి దీప గొంతు వినిపించింది. హెడ్‌ఫోన్ తీగ ఊడినట్టుంది, మాట బయటికే వచ్చింది. "యమునా, నీకు ఆట రాదని నేను అంటలేను. కానీ నువ్వు ఉన్నవని నమ్ముకొని నేను ముంగటికి పోలేకపోతాన." జవాబుగా కూతురు ఏమందో వినిపించలేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వినిపించింది. వెంకట్రాజం ఒక చెప్పుతోనే కాసేపు నిలబడిపోయాడు. ఆయనకు సిగ్గేసింది.

శనివారం పనికి సెలవు పెట్టాడు. తప్పంతా మిద్దె మీది డబ్బా కొమ్ములు సరైన దిక్కుకు లేకపోవడం వల్లేనని తీర్మానించుకున్నాడు. కొమ్ములు తిప్పడమంటే ఆయన పుట్టింది అందుకే. మిద్దెక్కి బకెట్ తీసి పక్కన పెట్టాడు. కింద గదిలో యమున హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడుతోంది, ఎంత అరిచినా వినపడదు. అందుకని ఆమె పక్కన వరలక్ష్మిని నిలబెట్టాడు. వరలక్ష్మికి మిద్దె మీది మాట సరిగా అందదు. అందుకని మెట్ల మీద మల్లక్కను కూర్చోబెట్టాడు. మల్లక్క మిద్దె మీది చిన్నగదిలో కిరాయికి ఉంటుంది. డెబ్భై ఏళ్ల మనిషి. ఒళ్లో చిక్కుడుకాయలు పెట్టుకుని ఈనెలు తీస్తూ సాయానికి ఒప్పుకుంది.

వెంకట్రాజం కొమ్ములు పడమరకు పెట్టి "ఎంతుంది?" అని కేకేశాడు. మల్లక్క కిందికి తిరిగి "ఎంతుందో అడుగుతాండు" అంది. వరలక్ష్మి కూతురి భుజం తట్టింది. యమున ఒక చెవి తెరిచి, విని, అంకె చూసి చెప్పింది. వరలక్ష్మి మెట్ల దగ్గరికి వచ్చి మల్లక్కకు చెప్పింది. మల్లక్క పైకి తిరిగి రెండొందల పది అంది. ఈలోగా ఊరుకోలేని వెంకట్రాజం కొమ్ములను తూర్పుకు తిప్పేశాడు. అంటే తూర్పుకు రెండొందల పది అనుకున్నాడు. ఉత్తరానికి తిప్పుతుండగా మూడొందలు అన్న మాట వచ్చింది. అమ్మో అని మళ్లీ తూర్పుకు తిప్పాడు. అప్పుడు నూట ఎనభై వచ్చింది. సంతోషపడి బిగించేశాడు. బిగించాక మళ్లీ అడిగితే మూడొందలు. నూట ఎనభై ఏ దిక్కుదో భూమ్మీద ఎవరికీ తెలియదు. మళ్లీ మొదటినుంచి తిప్పాడు. అరగంట గడిచేసరికి దిక్కులు నాలుగా ఎనిమిదా అన్న సందేహం కూడా పట్టుకుంది. చివరికి ఓపిక నశించి మల్లక్క మీద పడ్డాడు. తను అడిగిన వెంటనే జవాబు చెప్పడానికి ఏం రోగమని విసుక్కున్నాడు.

మల్లక్క చిక్కుడుకాయ పక్కన పెట్టింది.

"నన్నేమంటవు తమ్మీ? మొత్తం ఇన్నంకనే గదా నేను చెప్పేది. వరలక్ష్మి నోట్లకెల్లి మాట రాకముందే నేనేడ చెప్పాలె? నడుమ మమ్ముల కూసోబెట్టింది నువ్వే. దిగిపోయి బిడ్డనే అడుగరాదు?"

వెంకట్రాజం చేతిలో కొమ్ము అలాగే ఉండిపోయింది. మెట్ల మీద మల్లక్కను చూశాడు. మెట్ల కింద నడుం మీద చేయి పెట్టుకుని నిలబడ్డ వరలక్ష్మిని చూశాడు. ఆ తర్వాత కొమ్ములున్న డబ్బాను చూశాడు. మెల్లగా పిట్టగోడ మీద కూర్చున్నాడు.

ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరి గొంతూ గట్టిదే. మాట ఒక్కటి కూడా తప్పు పోలేదు. అయినా జవాబు వచ్చేసరికి దాని పని అయిపోయింది. తను పెట్టిన డబ్బాలు కూడా ఇంతేనా? ఒకటి మొత్తం విని ఇంకోదానికి చెప్పడం, అది విని వేరేదానికి చెప్పడం. యమున నొక్కిన నొక్కు నాలుగు నోళ్లు మారి బయటికి పోవాలి, జవాబు మళ్లీ నాలుగు నోళ్లు మారి లోపలికి రావాలి. ఒకే గాలిలో మాట్లాడుతున్నందుకు ఒకటి మాట్లాడేటప్పుడు ఇంకోటి నోరు మూసుకోవాలి కూడా. మరి ముప్ఫై ఏళ్లు స్తంభాల మీద డబ్బాలు పెడితే ఎవరూ ఎందుకు అడగలేదు? ఆ జవాబు కూడా అక్కడే దొరికింది. తీగ మీది డబ్బా వినడానికి ఆగేది కాదు, వచ్చినదాన్ని వచ్చినట్టే తోసేసేది. పైగా టీవీలో బొమ్మ ఒకవైపే వచ్చేది. టీవీకి ఎవరూ జవాబు చెప్పరు. బొమ్మ రెండు క్షణాలు ఆలస్యంగా వచ్చినా, ఆలస్యంగా వచ్చిందని చెప్పేవాడే లేడు.

అంతా తెలిసిపోయిందా అంటే, లేదు. గీతలు నిండుగా ఉన్నంత మాత్రాన పని నిండుగా జరగదన్న మాట ఆయన మనసు ఇంకా ఒప్పుకోలేదు. కానీ కూతురి ఆటకు తనే అడ్డం కూర్చున్నాడన్న సంగతి ఒప్పుకుంది. కిందికి దిగి యమున గది గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె హెడ్‌ఫోన్ తీసేదాకా ఆగాడు.

"బిడ్డా, మొన్న నలుగుట్ల నేనన్న మాట తప్పు. మద్దెల నిజంగనే ఓడు. ఓడు చేసింది నేనే."

యమున కళ్లు తుడుచుకుంది. "అది సరే గని, ముందు ఏదన్న చేయి బాపు. రేపు మూడింటికే ఆట."

చేయాల్సింది ఆయన చేతులకు తెలుసు. మోడెం నుంచి యమున గదిలోని డబ్బా దాకా నేరుగా తీగ లాగాలి. నడుమ ఎవరూ ఉండకూడదు. సామాన్ల గదిలోనుంచి తీగచుట్ట తెచ్చాడు, సుత్తి తెచ్చాడు, మేకులు నోట్లో పెట్టుకున్నాడు. లేత ఆకుపచ్చ గోడ ముందు స్టూలు వేసుకుని ఎక్కి, ఒట్టు గుర్తొచ్చి వెనక్కి చూశాడు. వరలక్ష్మి అక్కడే ఉంది. గోడను చూసింది, మొగుణ్ని చూసింది, కూతురి గది వైపు చూసింది. ఒక నిట్టూర్పు విడిచి స్టూలు కాళ్లు రెండు చేతులతో పట్టుకుంది.

"కొట్టు. మేకు వంకర మాత్రం పోనీయకు" అంది.

వెంటిలేటర్ల గుండా, వంటగది పైకప్పు వెంట, వాకిలి మీదుగా తీగ లాగేసరికి పొద్దుగూకింది. మూడు డబ్బాలూ ఊడదీసి సంచిలో వేశాడు. వేస్తుంటే చెయ్యి వెనకాడింది, ఒక్కటన్నా ఉండనిద్దామా అని. యమున ఆట తెరిచింది. మూలన అంకె ముప్ఫై నాలుగు. కాసేపాగి చూసినా ముప్ఫై నాలుగే. మూడు డబ్బాలు తీసేస్తే మెరుగైన పని ఆయన జీవితంలో అదే మొదటిది. ఈ నెలలో కాశిబుగ్గలో ఇంకా పదకొండు ఇళ్లలో ఇలాగే డబ్బాల గొలుసులు కట్టి వచ్చానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి, ఆయన సంచిని మంచం కిందికి తోసేశాడు.

ఆదివారం మూడింటికి వెంకట్రాజం వీధిగదిలో మోడెం పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. దాని పక్కనుంచి నడవడానికి కూడా ఎవరినీ ఒప్పుకోలేదు. మోడెం లైట్లను చూసి చూసి కళ్లు మండాయి. లోపలినుంచి యమున గొంతు వస్తోంది. ఎడమ అంటోంది, నేను పోతాన అంటోంది, మీరు రాండ్రి అంటోంది. నెల రోజులుగా ఆ గదిలోనుంచి వచ్చిన గొంతు ఒక్కటే మాట అనేది, ఆగు ఆగు అని. ఈ రోజు ఆ మాట రాలేదు. గంట గడిచింది. ఒక్కసారిగా గొంతు ఆగిపోయింది. వెంకట్రాజం మోడెం చూశాడు. లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి. ఏం జరిగిందో అర్థం కాలేదు. అడగడానికి వెళ్దామంటే మోడెంను వదలాలి.

కాసేపటికి యమునే వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం తేటగా ఉంది. ఆఖరి ఆటలో ఓడిపోయామని చెప్పింది. ఇన్నాళ్లూ దెబ్బ ఆలస్యంగా తగులుతుందని ముందే పేల్చడం అలవాటైపోయిందట. ఈ రోజు కూడా శత్రువు బయటికి రాకముందే పేల్చేసి తను ఉన్న చోటు వాళ్లకు తెలిసిపోయేలా చేసిందట. దీప తిట్టిందట. తిట్టి, యమున ఆటను ఈ రోజే మొదటిసారి చూశానందట. నెల రోజుల్లో ఆ తొందర మానుకొమ్మని చెప్పిందట, చోటు నీదేనందట.

వెంకట్రాజానికి ఇందులో సగం ఎక్కలేదు. ఆయనకు కావలసింది ఒక్కటే.

"మరి నెట్?" అని అడిగాడు.

"మద్దెల మంచిగనే ఉన్నది బాపు. ఈసారి నాకే ఆడరాలే."

ఆయన లేచాడు. కుర్చీ అక్కడే వదిలేసి, గోడ వెంట పోతున్న తీగను చేత్తో తడుముకుంటూ నడిమిగది దాటి వంటింట్లోకి వెళ్లాడు. ఓడిపోయింది, యమున ఓడిపోయింది అని వరలక్ష్మికి చెప్పాడు. వెలిగిపోతున్న ఆయన మొహం చూసి ఆమె చక్కెర డబ్బా అందుకుంది.